గీత దాకా

పొద్దున్నే పళ్లేలు తీసి తొట్టిలో వేస్తోంది టీచరమ్మ. రిటైరై ఆరేళ్లైనా వీధిలో ఆవిడకు అదే పేరు. బల్ల దగ్గర కోడలు ఫోనులో ల్యాబు నుంచి వచ్చిన ఫలితాలు చదువుతూ, ఒకచోట ఆగిపోయింది.

మూడేళ్లుగా కోడలి లోకమంతా తన ఆఫీసులో తను తయారుచేస్తున్న ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం. అందులో గీత దాకా లాలాజలం నింపి పంపితే చాలు, సూది గుచ్చకుండానే పరీక్ష అయిపోతుంది. టీచరమ్మతో కలిపి పదిమంది పెద్దవాళ్లకు ఇచ్చి ఇళ్లలో వాడి చూడమన్నారు. 'అందరూ రెండు నిమిషాల్లో నింపారు' అని రిపోర్టు రాసేసింది కూడా. అది మధ్యాహ్నానికల్లా ఇస్తే గొట్టం తయారీకి వెళ్తుంది.

"అత్తయ్యా, మీ గొట్టంలో నీళ్లు కలిపారా?"

టీచరమ్మ కుళాయి కట్టేసింది. "కొంచెం."

"కొంచెమా? సగం పైన నీళ్లేనట. పరీక్ష హాల్లో పిల్లలు పక్కకి చూస్తేనే ఊరుకోని మీరు నా పరీక్షలో కాపీ కొడతారా? ఇవాళ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"అరగంట కూర్చున్నానమ్మాయ్. నిమ్మకాయని తలుచుకున్నాను, బుగ్గలు నొక్కుకున్నాను. గీత దాకా వస్తేగా. నా వల్ల నీ గొట్టం తప్పుతుందేమోనని భయమేసింది."

"రాలేదని నాతో చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను, నాకు ఉమ్మి కూడా రావట్లేదనా?" టీచరమ్మ గొంతు పెరిగింది. "ఆ బీపీ మాత్రలు మార్చినప్పట్నించీ నోరు ఎండిపోతోంది. రొట్టె నమిలితే గొంతు దిగదు. రోజూ సగం ఎందుకు వదిలేస్తున్నాననుకున్నావు?"

కోడలి కోపం చప్పున చల్లారింది. ఆ సగం రొట్టెల గురించి ఏడాదిగా మొగుడి దగ్గర సణుగుతూనే ఉంది.

"నా వంట నచ్చక వదిలేస్తున్నారనుకున్నాను."

"నీ వంటకేం? రోగం నా నోటికి."

కోడలికి సిగ్గేసింది. మిగతా తొమ్మిదిమంది ఎంతసేపు కూర్చున్నారో కూడా తను అడగలేదు. గొట్టాలు నిండి వచ్చాయి కదా అని సంబరపడింది, అంతే.

ఆఫీసుకు ఫోను చేసి, రిపోర్టు ఇవాళ రాదని, గొట్టం మళ్లీ చూడాలని చెప్పింది. అవతలివాళ్లు చాలాసేపే మాట్లాడారు. అన్నీ విని "సరే" అంది. తర్వాత సంచిలోంచి కొత్త గొట్టం తీసి అత్తగారి చేతికిచ్చింది.

"సాయంత్రం డాక్టరుగారికి చూపిద్దాం. మాత్ర మార్చకముందే ఒకసారి నా ముందు చేయండి. తొందరేం లేదు."

"నువ్వు చూస్తుంటే ఇంకేం వస్తుంది?"

"అయితే అటు తిరిగి కూర్చుంటాను."

అత్తాకోడళ్లు వీపు వీపు ఆనించి కూర్చున్నారు. పంతొమ్మిది నిమిషాలకు టీచరమ్మ గొట్టం అందించింది. గీత దాకా ఉండాల్సిన దాంట్లో మూడో వంతు కూడా లేదు. ఎంతదాకా వచ్చిందో అక్కడే కోడలు పెన్నుతో కొత్త గీత గీసింది.

"ఇంత చాలుతుందా?"

"చాలేలా చేయడం నా పని, అత్తయ్యా."

టీచరమ్మ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "నోట్లో రాని తడి కళ్లలోకి మాత్రం తయారు" అని తనను తానే విసుక్కుంది. కోడలు నవ్వలేదు. ఆవిడ చేయి పట్టుకుని అలాగే కూర్చుంది.