అజోర్స్‌కు రెండు టిక్కెట్లు

దేశంలోకెల్లా రహస్యమైన గూఢచారి విభాగపు దక్షిణ మండల కేంద్రం అలిపిరికి పోయే దారిలో, యాత్రికులు చెప్పులూ సంచులూ భద్రపరచుకొనే ఒక క్లోక్‌రూమ్ వెనుక ఉంది. ఆ విభాగానికి పేరు లేదు. అందులో పనిచేసేవారు దాన్ని 'శాఖ' అంటారు. ఖండాంతర కుట్రలను ఛేదించిన మేధావులు సైతం అక్కడికి చేరాలంటే బారులు తీరిన చెప్పుల మధ్యనుంచే నడవాలి. శత్రుదేశాల ఉపగ్రహాలు ఆ రేకుల కప్పును ఎన్నోసార్లు ఫోటో తీశాయి. కప్పు తప్ప వాటికేమీ కనిపించలేదు.

ఆ ఉదయం ఏజెంట్ దామోదరం చెప్పుల మధ్యనుంచి నడిచి లోపలికి వచ్చాడు. వయసు యాభై దాటింది. కిందటి వర్షాకాలంలో భార్య జ్ఞానాంబ చనిపోయిన తర్వాత ఆకలి, రుచి, కోపం, భయం ఒకదాని వెనుక ఒకటి అతని దగ్గర సెలవు తీసుకున్నాయి. ఆపైన ఒకనాడు శత్రువు తుపాకి గురిపెట్టగా అతడు ఆవులించాడు. శాఖ దాన్ని ధైర్యమనుకొని పతకం ప్రదానం చేసింది. ఆ పతకాన్ని ఎక్కడ పెట్టాడో అతనికి జ్ఞాపకం లేదు.

శాఖాధిపతి పంకజాక్షి ఒక యాత్రికుడి సంచికి టోకెన్ కడుతోంది. ఆమె చిత్తూరు మనిషి. ఆమె కనుసన్నతో రాయబార కార్యాలయాలు మూతపడతాయని ప్రతీతి.

"రాప్పా దామోదరం. తిన్యావా?"

"జ్ఞాపకం లేదు మేడమ్."

"బాగుండాది. ముందు ఆ మూల లాకరు సంగతి సెప్పు. లాకర్లు సాలక జనం నా మీద పడతా ఉండారు. ఎప్పుడు ఖాళీ చేస్తావు?"

"చేస్తాను మేడమ్."

మూల లాకరులో ఒక చిన్న మట్టికుండ ఉంది. అందులో జ్ఞానాంబ అస్థికలున్నాయి. నీళ్ళలో కలిపేదాకా అస్థికలను ఇంట్లోకి తీసుకుపోరాదు. అందుకని శ్మశానం నుంచి వచ్చిన రోజున దామోదరం వాటిని తాత్కాలికంగా ఇక్కడ పెట్టాడు. ఏ నీళ్ళలో కలపాలో నిర్ణయించాలనిపించలేదు. అసలు ఏదీ నిర్ణయించాలనిపించలేదు. టోకెన్ మాత్రం చొక్కా జేబులో ఉంటుంది.

పంకజాక్షి తలుపు మూసింది. బ్రీఫింగ్ మొదలయింది.

"శ్రీహరికోటలో రాకెట్ ఇంజన్ డిజైన్ ఒకటి బయటికి పోయింది. గోరంత చిప్. అమ్మినోడు మన చేతిలో ఉండాడు. చిప్ మాత్రం 'కాల్డెరా' ముఠాకు చేరింది. వాళ్ళ మనిషి స్టెల్లా దగ్గరుండాది."

"మన స్టెల్లానా?"

"మన మనిషే, వాళ్ళ మనిషే. ఇద్దరి దగ్గరా జీతం తీసుకుంటాది. తిరుపతిలో హాలిడే కంపెనీ పెట్టింది. ఏమీ తెలియని టూరిస్టుకు మెడ దిండు ఒకటి ఉచితంగా ఇస్తాది. చిప్ దాంట్లో ఉంటాది. ఆ దిండు అట్లాంటిక్ మధ్యలో ఉండే అజోర్స్ దీవులు చేరితే ముఠా వాళ్ళు తీసుకుంటారు. మనం పోయి సోదా చేస్తే దొరకదు. ఆయమ్మ చేతులారా మనకియ్యాల. నిన్ను ఆయమ్మ ఎప్పుడూ సూసింది లేదు. ఆ టూరిస్టువు నువ్వే."

"సరే."

"ఇంగొకటి. దిండులో బాంబు కూడా ఉండాది. చిన్నదే, మోసేవాడి వరకే. ఆయమ్మ చేతి కంకణం నొక్కితే పేలతాది. ఆ కంకణం నాడి కూడా సూస్తాది. ఎదుటోడి చెయ్యి పట్టుకుంటే వాడు అబద్ధమాడేది కనిపెడతాది. పట్టుకోకపోతే ఆయమ్మ నాడే సూస్తాది. అది మరీ ఎక్కువైతే, దొరికిపోయిందని లెక్కేసి దానంతట అదే పేల్చేస్తాది. భయంగా ఉండాదా?"

"లేదు మేడమ్."

"అదే నాకు భయం. ప్రమాదమొస్తే 'చెప్పులు పోయినాయి' అను. కమాండోలు వచ్చేస్తారు."

యాత్రికుల క్షేత్రంలో ఈ సంకేతవాక్యాన్ని ఎంచుకోవడం శాఖ చేసిన మేధాపరమైన తప్పిదాలలో తలమానికమని చరిత్రకారులు అంగీకరించవలసి ఉంటుంది. ఆ వారమంతా కమాండోలు గుడుల ముందు పరుగెడుతూనే ఉన్నారు.

"అజోర్స్ గురించి నీకేమన్నా తెలుసునా?" అని అడిగింది పంకజాక్షి.

"జ్ఞానాంబకు తెలుసు," అన్నాడు దామోదరం.

*

ఎయిర్ బైపాస్ రోడ్డులో ఒక మేడమీద 'నీలిగవ్వ హాలిడేస్' వెలసింది. దామోదరం అతికించుకున్న మీసంతో, చెవిలో గింజంత రేడియోతో, రిటైరైన గుమాస్తా వేషంలో ప్రవేశించాడు. స్టెల్లా లేచి నిలబడింది. నల్లచీర, ఎర్రటి గోళ్ళు, మణికట్టున సన్నని వెండి కంకణం. ఆమె చిరునవ్వుకు ముగ్గురు దౌత్యాధికారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని శాఖ కథనం.

"వెల్‌కమ్ సార్. ఎవరెవరు ట్రావెల్ చేస్తున్నారు?"

"నేనూ, నా భార్యా."

ఆమె చేయి కలిపింది. కలిపిన చేతిని వదల్లేదు. "ప్లాన్ ఏమైనా అనుకున్నారా సార్?"

దామోదరం అనుకోలేదు. జ్ఞానాంబ అనుకుంది. ఆమె మునిసిపల్ హైస్కూలులో భూగోళం చెప్పేది. అట్లాంటిక్ మధ్యలోని ఆ చుక్కలను పటంలో పిల్లలకు చూపించి, ఇంటికి వచ్చి భర్తకు చూపించేది. ప్రతి ఎండాకాలమూ ప్రయాణం కుదిరేది. ప్రతి ఎండాకాలమూ దేశానికి ఏదో ఒక ప్రమాదం ముంచుకొచ్చి అది ఆగిపోయేది.

"సావో మిగెల్ దీవిలో ముందు జంట సరస్సు," అని దామోదరం రైల్వే ప్రకటన చదివినట్టు చెప్పసాగాడు. "ఒకవైపు నీలం, ఒకవైపు ఆకుపచ్చ. ఆ దారంతా హైడ్రేంజియా పూలు. తర్వాత తేయాకు తోట. తర్వాత ఫర్నాస్. అక్కడ నేల పొగలు కక్కుతుంది. మాంసమూ కూరగాయలూ కుండలో పెట్టి ఆ నేలలో పాతిపెడతారు. మధ్యాహ్నానికి అగ్నిపర్వతం వండి ఇస్తుంది."

"వండర్‌ఫుల్! మేడమ్‌కు ఏది ఇష్టం సార్?"

"ఆ కుండే. 'అగ్నిపర్వతం వండితే ఉప్పెవురు సూస్తారు?' అనేది. నేను చూస్తాలే అనేవాణ్ణి."

అందులో నవ్వవలసిన చోటు ఎక్కడుందో అతనికి తెలుసు. నవ్వు రాలేదు. స్టెల్లా కంకణం వైపు ఒక చూపు విసిరింది. విదేశీ ప్రయోగశాలల్లో తీర్చిదిద్దిన ఆ యంత్రం మీద నాడి గీత గీసినట్టు సమంగా పోతోంది. అబద్ధమాడేవాడి గుండె అలా కొట్టుకోదు. సెలవు గడపడానికి సముద్రాలు దాటబోయే మనిషి గుండె కూడా అలా కొట్టుకోదు. ఇటువంటి గుండెను ఎదుర్కోవడం ఆమె శిక్షణలో లేదు.

అందుచేత ఆమె విదేశీ యంత్రాన్ని పక్కనబెట్టి, స్వజిల్లా సాధనాన్ని ఆశ్రయించింది.

"సార్, టిక్కెట్లు కన్ఫర్మ్ చేసేముందు మా కంపెనీ పద్ధతి ఒకటుంది. రేపు పొద్దున కాణిపాకం పోయి వద్దామా? భార్యతో అజోర్స్‌కు పోతానని ఒక మాట అక్కడ అనేస్తే చాలు."

దామోదరం చెవిలోని రేడియోలో పంకజాక్షికి టీ పొలమారింది.

*

కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణమంటే ఏమిటో ఆ సీమలో ఎవరికీ వివరించనక్కరలేదు. పొలం గట్టు తగాదా, పోయిన గొలుసు, మానేశానన్న తాగుడు, కోర్టులో తేలనిదేదైనా అక్కడ తేలుతుంది. స్నానం చేసి తడిబట్టలతో స్వామి ఎదుట నిలబడమంటే, అంతవరకు వీధి అదిరేలా అరిచిన మనిషి గొంతు తగ్గించి ఇంటికి పోయి ఒప్పుకుంటాడు.

మరునాడు స్టెల్లా ఎర్రకారు కాణిపాకం దగ్గరికి వచ్చాక పంకజాక్షి రేడియోలో మాట్లాడింది.

"దామోదరం, దేశం కోసం సావమని నీకు ఎన్నో తూర్లు ఆర్డరిచ్చినా. ఇప్పుడు మాత్రం సెప్తా ఉండా, ఆడ అబద్ధపు ప్రమాణం వద్దప్పా. ఆయమ్మ లేదు. లేని మనిషితో పోతానని ఎట్ల సెప్తావు? మిషన్ పోతే పోనీలే."

దామోదరం స్నానానికి దిగేముందు రేడియో తీసి చెప్పులో పెట్టాడు. మీసం నీళ్ళలో కొట్టుకుపోయింది. ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ మీసాలు పోవడం కంటే పెద్ద విషయాలు జరుగుతుంటాయి.

తడిబట్టలతో అతడు గుడి ముందరి మంటపంలో నిలబడ్డాడు. ఎదురుగా గర్భాలయంలో దీపం కనిపిస్తోంది. స్టెల్లా అతని మణికట్టు పట్టుకుంది.

"చెప్పండి సార్."

అతడు అబద్ధం చెప్పడానికే నోరు తెరిచాడు. ఏయే దేశాల్లో ఎన్నెన్ని చెప్పాడో వాటి వరసలో ఇదొకటి. కాని తడిసిన చొక్కా జేబులో టోకెన్ ఛాతీకి అంటుకొని చల్లగా తగిలింది.

"స్వామీ, నేను జ్ఞానాంబను అజోర్స్‌కు తీసుకుపోతాను. పోకుండా ఉండను."

అది నిజమని, పలికిన తర్వాత అతనికి తెలిసింది. ఏ నీళ్ళలో కలపాలో ఇన్నాళ్ళూ ఎవరో తన జేబులోనే రాసిపెట్టి పోయినట్టు అతడు దీపం వైపు చూస్తూ ఉండిపోయాడు. స్టెల్లా చేతి కంకణం ఝుమ్మంది. గీత లేచి ఎగిరింది.

"అబ్బ!" అంది స్టెల్లా. ఆమె తెచ్చిపెట్టుకున్న భాష ఒక్కసారిగా జారిపోయింది. "ఇప్పుడు టూరిస్టు మాదిరి ఉండారు సార్! నిన్న మిమ్మల్ని సూసి హడలిపోతిని." ఆమె సంచిలోంచి నీలిరంగు మెడ దిండు తీసి అతని మెడకు తగిలించింది. "కంపెనీ గిఫ్టు. మేడమ్‌ను ఎప్పుడు కలిసేది? ఆమెక్కూడా ఒకటియ్యాల."

చిప్ చేతికొచ్చింది. ఇప్పుడొక చిన్న అబద్ధం చెప్పి కారెక్కితే మిషన్ ముగుస్తుంది. కాని బట్టలింకా ఆరలేదు, దీపం ఇంకా ఎదురుగానే ఉంది.

"పోయిన వానాకాలంలో సచ్చిపోయింది," అన్నాడు దామోదరం.

స్టెల్లా నాలుగడుగులు వెనక్కి వేసింది. "ఎవురు నువ్వు?"

"శాఖ మనిషిని."

గూఢచర్య చరిత్రలో ఒక ఏజెంట్ వరసగా రెండు నిజాలు చెప్పిన సందర్భం ఇదొక్కటే కావచ్చు. స్టెల్లా వేళ్ళు కంకణం మీదికి పోయాయి. "మెడ దిండు మీద చెయ్యి పెట్టొద్దు. నొక్కితే నువ్వూ ఉండవు, చిప్పూ ఉండదు, రుజువూ ఉండదు."

దామోదరం చెయ్యి దానంతట అదే జేబులోని టోకెన్‌ను పట్టుకుంది. నోరెండిపోయింది. ఏమిటిదని అతడు కాసేపు ఆలోచించి గుర్తుపట్టాడు. భయం. ఎన్నాళ్ళకో వచ్చింది. ఇప్పుడు చస్తే ఆ కుండ మూల లాకరులోనే ఉండిపోతుంది. టోకెన్ తనతోపాటే కాలిపోతుంది.

"నొక్కొద్దు స్టెల్లమ్మా. ఆడికి పోతానని మాటిచ్చినాను."

"నీ మాట నాకెందుకు?"

"నాది వదిలెయ్. నీది సెప్పు. మాకు మీ మనిషినంటివి, వాళ్ళకు మీ మనిషినంటివి. స్వామి ఈడనే ఉండాడు. ఎవురి మనిషివో ఒకే ఒక్కసారి ఆయన ముందర సెప్పి నొక్కు."

"నేను సర్చికి పోయేదాన్ని. నాకీ ప్రమాణాలు లేవు."

"అట్లయితే ఇంగేం. రొంత గట్టిగా సెప్పు."

స్టెల్లా నోరు తెరిచింది. మత్తుమందుకూ చిత్రహింసకూ లొంగకుండా శిక్షణ పొందిన నోరు అది. తెరుచుకొని అలాగే ఉండిపోయింది. కంకణం అంచున ఎర్రదీపం వెలిగింది. ఎదుటివాడి చేయి వదిలేశాక యంత్రం ఇప్పుడు ఆమె నాడినే చదువుతోంది. ఎర్రదీపం ఆగి ఆగి మిణికింది, తర్వాత వేగం పుంజుకుంది.

"మా అవ్వ పొద్దస్తమానం బైబిలు సదివేది," అంది స్టెల్లా పాలిపోయిన ముఖంతో. "అయినా ఈ ఊరి పొలిమేరలో మమ్మల్ని అబద్ధమాడనిచ్చేది కాదు. నవ్వేదాన్ని."

"స్టెల్లమ్మా, దీపం!"

"ఎవురి దాన్నని సెప్పేదన్నా? వాళ్ళ దాన్నంటే అబద్ధం. మీ దాన్నన్నా అబద్ధమే!"

దీపం మిణకడం మాని నిలకడగా వెలిగింది. ఆ నిలకడ తర్వాత మిగిలేది ఒక్క క్షణమని ఇద్దరికీ తెలుసు. స్టెల్లా కొక్కెం లాగి కంకణం ఊడదీసింది. నాడి అందక యంత్రం కీచుమని ఆగిపోయింది. మెడ దిండు మెడ దిండులాగే ఉంది.

ఆమె కంకణాన్ని అతని చేతిలో పెట్టి మంటపం మెట్టుమీద కూలబడింది. అంతలో బయట ఎవరో యాత్రికుడు నిజంగానే చెప్పులు పోయినాయని అరిచాడు. కమాండోలు మంటపంలోకి దూసుకొచ్చారు. ఆ విధంగా శాఖ సకాలంలో స్పందించినట్టు రికార్డయింది.

*

"ఆయమ్మ అన్నీ సెప్తా ఉండాది," అంది పంకజాక్షి మరునాడు. "కాల్డెరా పని అయిపోయింది. నీకు ఇంగో పతకం వస్తాది. ఇదేంది?"

"సెలవు చీటీ మేడమ్."

"అజోర్స్‌కా? మన ఏజెంట్లు సెలవుల్లో దేశం దాటకూడదని రూలుండాది కదప్పా." ఆమె కలం మూత తీసింది. "కానీ ఆడ సేసిన ప్రమాణానికి అడ్డం పడి, రేపు నా కండ్లు పోతే ఢిల్లీవాళ్ళు ఇస్తారా?" అని సంతకం పెట్టేసింది.

దామోదరం జేబులోంచి టోకెన్ తీసి బల్లమీద పెట్టాడు. పంకజాక్షి తానే పోయి మూల లాకరు తెరిచి, కుండను రెండు చేతులతో తెచ్చి ఇచ్చింది. అతడు దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఏడుపు వస్తుందేమోనని ఇద్దరూ మర్యాదగా ఎదురుచూశారు. రాలేదు.

"తిన్యావా?" అంది ఆమె చివరికి.

"ఇడ్లీ తిన్యాను మేడమ్. చట్నీలో కారం ఎక్కువైంది."

పంకజాక్షి ముఖం తిప్పుకొని కళ్ళజోడు తుడుచుకుంది. "స్టోర్స్ నుంచి ఏమన్నా కావల్నా? రేడియో, తుపాకి?"

"రొంత ఉప్పు కావల్ల మేడమ్. ఆడ వంటకు నేను సూస్తానని సెప్పి ఉండాను."

స్టోర్స్ విభాగం ఉప్పు పొట్లాన్ని ప్రత్యేక పరికరాల కింద మంజూరు చేస్తూ, మిషన్ ముగియగానే యథాతథంగా తిరిగి అప్పగించవలసిందని షరతు పెట్టింది.