బరువొక్కటే మిగిలింది

"ఈ కుక్కకి పేరు లేదట, వయసు లేదట, దిక్కూ మొక్కూ లేదట. మీ కంప్యూటర్ ప్రకారం దీనికున్నది బరువొక్కటే. పన్నెండు కిలోలు!"

ఆ పన్నెండు కిలోలనీ నా కీబోర్డు మీదే కూర్చోబెట్టి మరీ నిలదీసింది డాక్టరమ్మ. అది ఆమె సొంత కుక్క. పేరు దొరగారు. నేను ఆ జంతువుల ఆస్పత్రి రికార్డులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి వచ్చిన ప్రోగ్రామర్ని. చేరి వారం కూడా కాలేదు.

"తప్పు నాది కాదండీ, డ్రైవర్‌ది," అన్నాను దర్జాగా.

"ఎవరా డ్రైవర్?"

"మనిషి కాదండీ. నా పైథాన్ ప్రోగ్రామ్ చెప్పినదాన్ని రికార్డులుండే డేటాబేస్‌కి చేరవేసే సాఫ్ట్‌వేర్. అక్కడ ఒక్కో జంతువుకీ ఒక్కో డాక్యుమెంట్ ఉంటుంది. మీరు బరువు మార్చమన్నారు కదా..."

"సరే, ఆ డ్రైవర్‌కి మీరేం చెప్పారు?"

స్క్రీన్ వైపు చూశాను. 'అప్‌డేట్' అని రాయాల్సిన చోట 'రీప్లేస్' అని రాసి ఉంది. అంటే, ఉన్న డాక్యుమెంట్ మొత్తం తీసేసి నేనిచ్చింది పెట్టమని. నేనిచ్చింది బరువొక్కటే. డ్రైవర్ పాపం మారుమాట్లాడకుండా చెప్పింది చేసింది.

"మొన్నే మీకు చెప్పబోయాను," అంది డాక్టరమ్మ. " బరువు మార్చండి, మిగతావి..."

"ముట్టుకోవద్దనే కదా? అర్థమైందండీ!"

"మొన్న కూడా మీకు ఇలాగే అర్థమైంది," అంది. నవ్వు ఆపుకుంటోందని ఆమె పెదవి చివర చూస్తే తెలిసిపోయింది. నా పని అక్కడే అయిపోయింది.

ముందే దాచి ఉంచిన బ్యాకప్‌లోంచి దొరగారి పేరూ వయసూ వెనక్కి తెచ్చాను. ఆ వంకతో ఇద్దరం టీ తాగాం. తర్వాత వంక లేకుండానే రోజూ తాగాం.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఆస్పత్రి గుమ్మంలో నేనూ ఆమె, మధ్యలో తడిసిన దొరగారు. నాకు ధైర్యం ఎక్కణ్ణుంచి ఊడిపడిందో గానీ, "నేనంటే మీకిష్టమేనా?" అని అడిగేశాను.

"ఇష్టం లేదని కాదు. కానీ మీరు..."

"అర్థమైందండీ!" అంటూ వానలోకి పరుగెత్తాను. గొడుగు ఆమె చేతిలోనే ఉండిపోయింది. అది నాది.

ఇంటికెళ్ళి, ఆ 'కానీ' తర్వాత ఏముంటుందో నేనే పూరించుకున్నాను. గడ్డం, సోడాబుడ్డి కళ్ళద్దాలు, గళ్ళ చొక్కాలు, కుళ్ళు జోకులు. చూడగా చూడగా నేను పుట్టడమే తప్పనిపించింది.

"ఒరేయ్, ఏం చెప్పబోయిందో ఆ అమ్మాయినే అడగొచ్చుగా?" అంది అక్క.

"అర్థమైందిలే అక్కా," అన్నాను.

సోమవారం నున్నటి గడ్డంతో, కాంటాక్ట్ లెన్సులతో, తెల్ల చొక్కాతో, నాకే తుమ్మొచ్చేంత సెంటుతో దిగాను. లెన్సులకి కళ్ళు ధారగా కారుతున్నాయి. "శుభోదయం డాక్టర్ గారూ," అన్నాను గంభీరంగా.

రోజూ నా బూట్లు నాకుతుండే దొరగారు బల్ల కిందకి దూరి మొరిగారు.

"ఎవరండీ మీరు?" అంది డాక్టరమ్మ.

"మీకోసం మారానండీ."

"నేను మార్చుకోమనబోయింది..."

"అర్థమై..." అన్నానో లేదో దొరగారు మళ్ళీ మొరిగారు. నోరు మూసుకున్నాను.

"నేను మార్చుకోమనబోయింది ఒక్కటే. ఎదుటివాళ్ళని మాట పూర్తి చెయ్యనివ్వరు, అదీ. మీరేమో మనిషి మొత్తాన్ని తీసేసి ఈ తెల్ల చొక్కా పెట్టారు. దొరగారికి చేసిందే మీకూ చేసుకున్నారన్నమాట!"

గొంతు దాకా వచ్చిన సంజాయిషీని మింగేశాను.

"ఆ గడ్డం నాకిష్టం. కుళ్ళు జోకులంటారా, ఏం చేస్తాం, అలవాటైపోయాయి. వాటికి బ్యాకప్ ఉందా?"

తలూపాను. సిగ్గుతో కారుతున్నాయో లెన్సులతో కారుతున్నాయో, కళ్ళు మాత్రం ఆగడం లేదు. నా జన్మలో ఎవర్నీ ఇంతగా ప్రేమించలేదు, ఇంతసేపు నోరు మూసుకున్నదీ లేదు.

"మా అమ్మకి మీ గురించి చెప్పాను. ఆదివారం మిమ్మల్ని ఇంటికి..." అని ఆగింది. కావాలనే ఆగింది.

ఆ వాక్యానికి నా నాలుక చివర రకరకాల ముగింపులు తయారుగా ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి భయంకరంగా. పళ్ళు బిగబట్టాను. దొరగారు బల్ల కిందనుంచి మెల్లగా వచ్చి నా బూటు వాసన చూశారు.

ఆమె తీరిగ్గా స్టెతస్కోపు చుట్టి జేబులో పెట్టుకుంది. మూలనున్న నా గొడుగు తెచ్చి చేతికిచ్చింది. అప్పుడు పూర్తి చేసింది.

"...రమ్మంది. గళ్ళ చొక్కా వేసుకుని రండి."