సూసి పో, బిడ్డా

షామీర్‌పేట నుంచి దేవరయాంజాల్ వస్తుంటే రాతి కల్వర్టు దగ్గర ఒక మలుపు ఉంది. పగలు చూస్తే నవ్వొస్తుంది — ఇంత మామూలు చోటుకా అంత చెడ్డపేరు అని. చీకటి పడ్డాక ఆ నవ్వు ఉండదు. అక్కడ ఊరికే బండ్లు పడతాయనీ, పడ్డవాడికి కింది నుంచి ఎవరో పిలిచినట్టు వినిపిస్తుందనీ చెప్పుకునేవారు. పాలవాళ్లు సైతం పొద్దుగూకితే చుట్టు తిరిగి వేరే దారిన పోయేవారు.

ఈ సంగతులేవీ చక్రపాణికి తెలియవు. భీమవరం నుంచి వచ్చి బహదూర్‌పల్లి కాలనీలో అద్దెకు దిగి ఇంకా ఏడాది తిరగలేదు. షామీర్‌పేట దగ్గర మందుల కంపెనీలో గుమాస్తా. తొంభై ఎనిమిదిలో, ముచ్చటపడి కొత్త మోటార్‌సైకిల్ కొన్నాడు. దాని మీద ఈగ వాలినా ఊరుకునే మనిషి కాదు. "నా మొహం ఎప్పుడైనా అంతసేపు చూశారా?" అని కడుపుతో ఉన్న భార్య హరిచందన దెప్పేది.

ఆ రోజు ఆఫీసులో పని తెమిలేసరికి చీకటి పడింది. కార్తీక మాసం... పైగా కరెంటు లేదు. మలుపు తిరుగుతుంటే ఎదురుగా లారీ లైట్లు కళ్లలో కొట్టాయి. ఏదో మెత్తగా తగిలింది... బండి జారింది... అంతే. చక్రపాణి కంకర మీద ఉన్నాడు.

మోచెయ్యి దోక్కుపోయి భగ్గున మండుతోంది. అయినా లేచి ముందు బండినే లేపాడు. స్టాండు వేసి, తాళంచెవికి వేలాడే బుల్లి టార్చితో చుట్టూ తిరిగి చూశాడు. అద్దం పగిలింది. ఎడమ ఇండికేటరు వైరుకు వేలాడుతోంది. హ్యాండిలు ఒక పక్కకు తిరిగిపోయింది. ఫుట్‌రెస్టు లోపలికి వంగింది. ట్యాంకు మీద గీత... వేలితో తడిమాడు. రంగు లేచిపోయి రేకు తగులుతోంది. ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు వినిపించింది. కల్వర్టు కింది నుంచి... మెల్లగా...

"సూసి పో, బిడ్డా..."

ఎవరో పెద్దాయన, జాగ్రత్తగా వెళ్లమంటున్నాడు కాబోలు అనుకున్నాడు. మర్యాద తెలిసినవాడు కదా, చీకట్లోకే జవాబు చెప్పాడు.

"అలాగేనండీ బాబాయిగారూ. చూసే వెళ్తానండీ."

కిక్కు కొట్టాడు. మళ్లీ అదే గొంతు — ఈసారి చెవి పక్కనే ఉన్నట్టు.

"సూసి పో..."

ఎందుకో ఒళ్లు ఝల్లుమంది. వెనక్కి తిరగకుండా వచ్చేశాడు.

దేవరయాంజాల్‌లో ఎంకయ్య పంక్చరు దుకాణంలో లాంతరు వెలుగుతోంది. ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి, హ్యాండిలు సరిచేస్తూ ఎంకయ్య అడిగాడు.

"యాడ వడ్డవు సారూ?"

"కల్వర్టు మలుపులోనండీ. పాపం ఎవరో పెద్దాయన, చూసి వెళ్లమని హెచ్చరించారు కూడా."

ఎంకయ్య చేతులు ఆగిపోయాయి.

"సూసి పో అన్నడా?... మరి సూసినవా?"

"జాగ్రత్తగానే వచ్చానండీ."

"గది గాదు సారూ..." గొంతు తగ్గించాడు. "పైలంగ పొమ్మని గాదు. నన్ను సూసి పో అంటడు. ఎన్కట గాడ్నే ఒక ముసలాయన్ను బండి గుద్దింది. గుద్దినోడు లేసి బండి సుట్టు తిరిగి తిరిగి సూస్కున్నడు. కింద పడ్డోన్ని సూడలే. తెల్లారేదాంక పిల్సి పిల్సి సచ్చిండట. ఇప్పటికీ గదే మాట..."

చక్రపాణి బయటి చీకట్లోకి భయంగా చూశాడు. కానీ నిజం చెప్పాలంటే, ఆ భయం వెనకే కొండంత ఊరట కూడా కలిగింది. ఏదో మెత్తగా తగిలిందన్న అనుమానం దారి పొడవునా గుండెను కెలుకుతూనే ఉంది మరి. దయ్యమే అయితే ఇంకేం! కేసు లేదు, జైలు లేదు. దయ్యమని తెలిసి అంత సంబరపడ్డ మనిషి మరొకడు ఉండడు.

"జర లాంతరు గిట్ల పట్టు," అంటూ ఎంకయ్య ఫుట్‌రెస్టు లాగడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. సందులోంచి వేళ్లతో ఏదో పీకాడు... నల్ల గొంగడి పోగు. తడిగా ఉంది. వెలుగులో పెడితే వేళ్లకు ఎర్రగా అంటింది.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"దయ్యాలకు నెత్తురుంటుందా, ఎంకయ్యా?"

"నాకేం ఎర్క సారూ..." ఎంకయ్య వేళ్లు గుడ్డకు తుడుచుకున్నాడు. "కడిగేస్కొని ఇంటికి పో. ఎవ్వరు సూడలే. నేను గూడ సూడలే."

ఎదురుగానే ట్యూబులు ముంచే నీళ్ల తొట్టి. ఒక్క చెంబు నీళ్లు పోస్తే సరి. ఇంటి దగ్గర హరిచందన అన్నం పెట్టుకుని కూర్చుని ఉంటుంది. తను జైలుకు పోతే ఆ పిల్లకు, కడుపులో బిడ్డకు ఎవరు దిక్కు? చక్రపాణి చెంబు అందుకున్నాడు... మళ్లీ తొట్టిలోనే వదిలేశాడు.

"ఆ లాంతరు ఇలా ఇవ్వండి."

ఎంకయ్య దేవుళ్లందరినీ తలుచుకుంటూ వెనకే వచ్చాడు. కల్వర్టు కింద, తుప్పల్లో... గొంగడి. గొంగట్లో ఒక ముసలాయన. తల కింద నెత్తురు మడుగు. చక్రపాణి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

ఊపిరి ఉంది.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. కబురు అంది ముసలాయన భార్య బుచ్చమ్మ పరుగున వచ్చింది. చక్రపాణి ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"నా బండే తగిలిందమ్మా. కేసు పెడతానంటే పెట్టండి."

"మళ్ల మర్లొచ్చినవు గద బిడ్డా," అని ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గంత సీకట్ల ఆడున్నడని నీకెట్ల తెలిసె?"

"ఆయనే పిలిచారమ్మా. సూసి పో బిడ్డా, అని రెండుసార్లు పిలిచారు. నాకే అర్థం కాలేదు..."

బుచ్చమ్మ ఏడుపు ఆపేసింది. అతని మొహంలోకి వింతగా చూసింది.

"ఎవలు పిల్సిండ్రు?"

"ఆయనే..."

"మా ఆయన పుట్టు మూగోడు, సారూ."