రాణి ముట్టని బెల్లం

పుంగనూరు మైదానంలో గెలుపు తాడు దాటిన గుర్రం రాణి నాలుగడుగులు వేసి, నిలువునా బిగుసుకుపోయి కూలింది.

ఈలలు వేస్తున్న జనం గుర్రం వైపు పరుగెత్తారు. అది 1946 వేసవి. బెంగళూరు రేసుల పద్ధతి తమకూ కావాలని ముచ్చటపడి కమిటీవాళ్లు ఓ నిబంధన పెట్టారు. గెలిచిన గుర్రం నోట్లో దూది తిప్పి పరీక్షకు మద్రాసు పంపాలి. మందు పెట్టినట్టు తేలితే పెట్టినవాడు జన్మలో కళ్లెం పట్టకూడదు. ఈసారి మద్రాసుదాకా పోనక్కర్లేకపోయింది. దూరంగా డప్పు మోగినా చాలు, పడిపోయిన గుర్రం ఒళ్లంతా అదిరిపడుతోంది.

మదనపల్లె పశువుల డాక్టరు చూసీ చూడగానే చెప్పేశాడు.

"విషముష్టి గింజ, ఇన్‌స్పెక్టర్ గారూ. చిటికెడు పొడి పడితే గుర్రానికి హుషారు. మోతాదు మించితే ఇట్లా బిగుసుకుపోతుంది. చప్పుడు లేని చీకటిగదిలో ఉంచండి, బతుకుతుంది."

ఇన్‌స్పెక్టర్ జ్ఞానశేఖర్ తల ఊపాడు. ఆయన మనసు అసలే బాగాలేదు. తనతోపాటు ట్రైనింగ్ అయినవాడికి ప్రమోషన్ వచ్చిందని పొద్దునే తెలిసింది. శుభాకాంక్షల టెలిగ్రాం ఇచ్చి వచ్చాడు గానీ, కడుపు మంట మాత్రం చల్లారలేదు.

గుర్రాల కొట్టం సోదా చేస్తే, రైడర్ దేవసహాయం కోటు జేబులో పొడి పొట్లం దొరికింది. గుర్రం యజమాని రామమూర్తి చిందులు తొక్కాడు.

"లోపలెయ్యండి సార్ వీణ్ణి! వచ్చే నెల బెంగళూరు రేసుల్లో చేరాల్సినోడు. పేరు కోసం నా గుర్రాన్ని సంపబోయినాడు!"

దేవసహాయం మొహం పాలిపోయింది. "నాకేం తెలీదు సార్. కోటు ఆడ తగిలించి రేసు బట్టలేసుకున్యా."

"రాణికి ఏమన్నా పెట్టినావా?" అని అడిగాడు జ్ఞానశేఖర్.

"లేదు సార్. మేత మారప్పన్న చేతి మీదుగానే. నేను ముట్టుకుంటే ఆయనకు కోపం."

మారప్ప గుర్రాన్ని చూసుకునే మనిషి. ఊరు రామకుప్పం. వక్కాకు నమిలి ఎర్రబడిన పెదాలతో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బయట ఇంకా ఎండ తగ్గలేదు.

"నువ్వేం పెట్టినావు?"

"ఎప్పట్లాగే బెల్లంతో రాగిపిండి ఉండ సార్."

"కొట్టంలోకి ఇంకెవరొచ్చినారు?"

"ఆ పిల్లోడు దేవసహాయమే. ఆరేండ్లు సాకినా నేను, ఎప్పుడన్నా ఇట్లా అయిందా? ఆయప్ప నిన్నగాక మొన్న వచ్చినాడు. ఇప్పుడు ఆయప్ప అడుగు ఇంటేనే అది సకిలిస్తాది. నన్ను సూడనే సూడదు."

అడగని సంగతి చెప్పాడే అనుకున్నాడు జ్ఞానశేఖర్.

రామమూర్తి అడ్డొచ్చాడు. "మారప్పను అనుమానించొద్దు సార్. మా కొట్టంలో ఆనవాయితీ ఉండాది. గుర్రానికి ఏం పెట్టినా, పెట్టేవాడు ముందు కొరికి తినాల. మా నాయన పెట్టిన కట్టు."

"ఈపొద్దు కొరికినాడా?"

"ఈపొద్దు శనివారం గదా, వాడికి ఒక్కపొద్దు. పొద్దు గుంకేదాకా నోట్లో ఏమీ వెయ్యడు. నాకు చెప్పే కొరక్కుండా పెట్టినాడు."

ఆ రాత్రి దేవసహాయం లాకప్పులోనే ఉన్నాడు.

రాణి లేచి మేత ముట్టిన రోజు, జ్ఞానశేఖర్ దేవసహాయాన్ని వెంటబెట్టుకొచ్చి, అందర్నీ కొట్టంలోకి పిలిచాడు. చేతిలో రెండు బెల్లం ఉండలు.

"ముందు నువ్వు పెట్టు."

దేవసహాయం కొరికి, చెయ్యి చాచాడు. రాణి లటుక్కున అందుకుని, ఆ అరచెయ్యంతా నాకింది. అందరూ గుర్రాన్ని చూస్తున్నారు. మారప్ప మాత్రం ఆ చేతిని చూస్తున్నాడు. ఆ చూపు జ్ఞానశేఖర్‌కు కొత్త కాదు, టెలిగ్రాం ఇచ్చిన పొద్దున అద్దంలో చూసుకున్నదే.

"ఇప్పుడు నువ్వు, మారప్పా."

మారప్ప ఉండ పట్టుకున్న చెయ్యి చాచాడు. రాణి ఆశగా ముందుకొచ్చింది. వాసన చూసింది. చెవులు వెనక్కి వాల్చి జరిగిపోయింది.

"రాణమ్మా, ఇది మంచిదేనే! సూడు, నేను కొరుకుతాండా!" గబగబా ఉండ కొరికాడు.

"ఆ పొద్దు ఎందుకు కొరకలేదు?" అన్నాడు జ్ఞానశేఖర్.

"ఒక్కపొద్దు సార్..."

"నేనొచ్చేసరికి పొద్దు గుంకలేదు. నీ నోరు వక్కాకుతో ఎర్రగా పండి ఉండింది. ఒక్కపొద్దు ఉండేవాడు వక్కాకు నములుతాడా? అందరూ ఆ నోరు చూసినారు, ఎవరూ పట్టించుకోలేదు. ఉండలో ఏముందో తెలుసు గనకనే కొరకలేదు నువ్వు. ఆ గింజలు మీ రామకుప్పం పక్క అడవిలోవి. పొట్లం ఈ పిల్లోడి కోట్లో పెట్టింది కూడా నువ్వే."

మారప్ప కూలబడ్డాడు. "సంపాలని కాదు సార్, దేవుడి మీద ఒట్టు! రవ్వంతే అనుకున్యా. పరీక్షలో ఆయప్ప దొరికిపోతే రాణి మళ్లా నాదైతాదనుకున్యా."

రామమూర్తి తల దించుకుని, దేవసహాయం భుజం మీద చెయ్యి వేశాడు.

కానిస్టేబుల్ వెంట గడప దాటబోతూ మారప్ప ఆగాడు. "రాణమ్మా!" అని పిలిచాడు. ఆరేళ్లుగా ఆ పిలుపుకు పరుగెత్తుకొచ్చిన గుర్రం అది.

రాణి ఒక్కసారి తలెత్తి చూసింది. మెల్లిగా దేవసహాయం వెనక్కి వెళ్లి నిలబడింది.