స్కువోలా అంటే బడి

ఫెబా చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయిందని తెలిసిన రోజున జోనాథన్ పుంగనూరులో బస్సు దిగడం మానేస్తాడు. ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం అదే.

మిగతావన్నీ అతనికి తెలుసు. భర్త లారీ ప్రమాదంలో పోయి మూడేళ్లయిందని తెలుసు. నాలుగేళ్ల కూతురు స్వర్ణ ఉందని తెలుసు. ఆ పిల్ల అతని చొక్కా జేబులో చెయ్యి పెట్టి బిస్కెట్లు వెతుక్కుంటుంది కూడా. తెలియనిది ఈ ఒక్కటే.

తప్పు మదనపల్లె బస్సులో జరిగింది. కుట్టాల్సిన యూనిఫాం గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని ఫెబా కూర్చుంది. అవతలి సీట్లో ఒకతను నోటుబుక్కు తెరిచి పెదవులు కదుపుతున్నాడు.

"ప్రార్థనా అది?" అని ఉండబట్టలేక అడిగింది.

"ఇటాలియన్! కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో చేస్తాండా. కొత్త పాలిష్ మిషను ఇటలీ నుంచి వచ్చింది. పరీక్ష పాసైనోళ్లను మూడు నెలలు ట్రైనింగుకు ఆడికే పంపిస్తారంట." అంటూనే నోటుబుక్కు ఆమె చేతిలో పెట్టేశాడు. "నేను అర్థాలు చెప్తా, సరిగ్గా ఉండాయా లేదా సూడు. నువ్వు ఎంతవరకు చదివినావు?"

"ఇంటర్," అంది ఫెబా. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం సాయంత్రం మదనపల్లెలోని ఇంటినుంచి కుప్పం పోతూ అతను పుంగనూరులో దిగేవాడు. ఆమె కుట్టుమిషను పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. నోటుబుక్కులో ఎడమవైపు ఇటాలియన్, కుడివైపు ఇంగ్లీషు, అంతా కలిపిరాత. ఫెబా కంటికి అది చిక్కుపడ్డ దారంలా కనిపించేది. అతను అర్థం చెప్పేవాడు. ఆమె "కరెక్ట్" అని తల ఊపేది. ఊపినప్పుడల్లా అతని ముఖం వెలిగిపోయేది. ఆ వెలుగు కోసం మళ్లీ ఊపేది.

ఐదో ఆదివారం వాన. గొడుగు విదిలిస్తూనే అతను మొదలుపెట్టాడు.

"ఫెబా, ఆఫీసులో అందరి ముందర నా పరువు తీసినావు గదా!"

"నేనేం చేస్తిని?"

"నిన్న మోడల్ టెస్టు పెట్టినారు. నా చదువు గురించి చెప్పమని ఇటలీ సారు అడిగినాడు. స్కువోలా అంటే స్కూలు, అది చెప్పినా. ఎలిమెంటరీ స్కూలుకు స్కువోలా ఎలెమెంతారె, అదీ చెప్పినా. డిప్లొమా యాడ చేసినావంటే, కాలేజీ అనుకోని 'అజీలో'లో అన్యా."

"అయితే?"

"అజీలో అంటే మన స్వర్ణ పోయే నర్సరీ! నర్సరీలో మూడేండ్లు డిప్లొమా చేసినానని చెప్పొచ్చినా. సూపర్‌వైజరు నారాయణప్ప పాలసీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టినాడు!"

లోపల వంటింట్లో ఫెబా తల్లి వరమ్మ పకపకా నవ్వింది. ఫెబాకు నవ్వు రాలేదు. మన స్వర్ణ అన్నాడని కూడా గమనించలేదు.

"బుక్కులో సరిగ్గానే రాసుకోనుండా. నోటికే తప్పు పట్టింది. నాలుగు వారాలు తప్పే చెప్తాంటే నువ్వు కరెక్ట్ అంటాంటివి. యాల?"

పరధ్యానంలో ఉన్నానని చెప్పేస్తే సరిపోయేది. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ అసలు పరీక్ష మంగళవారం. ఆ బుక్కులో ఇంకెన్ని తప్పులకు తను తల ఊపిందో!

"నాకు ఆ రాత చదవను రాదు," అంది, కుట్టుమిషను చక్రం వైపు చూస్తూ. "ఏడో తరగతిలో మా నాయన పోతే బడి మానిపిచ్చినారు. ఇంటర్ అనింది అబద్ధం. ఆ పేజీ ఒకటే కాదు, ఏ పేజీ నేను చదవలా."

జోనాథన్ నోటుబుక్కు తీసుకుని, గొడుగు కూడా మరిచిపోయి, వానలోకి వెళ్లిపోయాడు.

"పోయినాడామ్మా?" వరమ్మ గడప దగ్గరికి వచ్చి అడిగింది.

"పోయినాడు."

కాసేపటికి కుప్పం బస్సు హారన్ వినిపించింది. వినిపించి, దూరమైపోయింది. ఫెబా కుట్టిన కుట్టే మళ్లీ కుట్టింది.

అరగంట తర్వాత తడిసి ముద్దయిన మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా లోపలినుంచి నోటుబుక్కు తీశాడు. ఎదురుగా టిఫిన్ హోటల్లో కూర్చుని నాలుగు పేజీలు కొత్తగా రాసుకొచ్చాడు, పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో. మొదటి వరుస: స్కువోలా, స్కూలు, బడి.

"ఆ పొద్దే చెప్పింటే ఆ పొద్దే రాసిచ్చింటి గదా," అన్నాడు. "కోపం వచ్చిన మాట నిజమే. చదువు లేదని కాదు. నా ముందర అన్ని వారాలు అంత భయపడతా కూర్చున్యావే, దానికి. ఊఁ, అడుగు. తప్పు చెప్తే వదలొద్దు."

ఆమె వేలు పెట్టి అడిగింది. అతను చెప్పాడు.

"తప్పు," అంది మెల్లగా.

"వినపడలా."

"తప్పప్పా!"

ఆ మాటకు అతను ఎంత సంతోషపడ్డాడంటే, ఇంకో రెండు కావాలనే తప్పు చెప్పాడని ఫెబాకు అనుమానం. 

"మూడు నెలలు ఇటలీ. వచ్చినాంక చర్చిలో మన పెండ్లి. దీనికీ ఉత్త తల ఊపేస్తావా?" అన్నాడు.

"దీనికి చదవాల్సిన పని లేదు లెండి," అంది ఫెబా, ముఖం నోటుబుక్కులో దాచుకుని.

వరమ్మ తువ్వాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "ముందు తల తుడుచుకో నాయనా. జరమొస్తే యా బాసా నోటికి రాదు. అన్నం తినే పోవాల, మా ఇంట్లో అల్లుడు ఆకలితో బస్సెక్కేది లేదు."

ఇది జరిగింది ఆదివారం. సోమవారం ఫోన్‌లో అతను నాలుగుసార్లు తుమ్మాడు. ఈరోజు మంగళవారం. పరీక్ష పదింటికి. ఇప్పుడు మూడు దాటింది. జోనాథన్ ఫోన్ స్విచాఫ్ వస్తోంది. పాసయ్యాడా లేదా అన్నది ఫెబాకు తర్వాతి సంగతి. కుప్పంలో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ గ్రానైట్ ఫ్యాక్టరీ గేటుదాకా వెళ్లి, అతనికి జ్వరం గానీ వచ్చిందేమో, మధ్యాహ్నం అన్నం తిన్నాడో లేదో, ఒక్కసారి కనుక్కోండి.