నడికట్టు కొస

ఆదివారం పొద్దున్నుంచీ నకిమేరాకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద మనిషికొకటి చొప్పున రెండు అరిటాకు పొట్లాల్లో వేరుశనగ పులుసు మగ్గుతోంది. ఒక నిమిషం మూత తీసి చూస్తుంది, మరో నిమిషం గుమ్మంలోకి వచ్చి కూతురి నడుం వంక చూస్తుంది.

ఆ కూతురు, స్కూలు టీచరు నబ్బోసా, చర్చికని గోమెసి కట్టుకుంటోంది; ఉగాండా ఆడవాళ్ళు నడికట్టుతో బిగించుకునే నిండు గౌను అది. నడికట్టు ముడి వేశాక వేలాడే కొస ఒకప్పుడు జానెడు. రక్తపరీక్ష చూసి డాక్టరు బరువు తగ్గమన్నాక, నెలలో అది నాలుగు వేళ్ళు పెరిగింది. నకిమేరా చూసినప్పుడల్లా దాన్ని వేళ్ళతో కొలిచేది. పెద్ద కూతురి కొస కూడా ఇలాగే పెరిగింది మరి. ఎయిడ్స్‌ను అందరూ సన్నబడే జబ్బు అనే ఆ రోజుల్లో ఇరుగుపొరుగు వీళ్ళ ఇంటి ముందు నుంచి నడవడం కూడా మానేశారు. పోయేనాటికి ఆ పిల్లను చేతుల మీద ఎత్తుకుంటే చంటిబిడ్డంత బరువుంది.

ఇప్పుడు కొస మళ్ళీ రెండు వేళ్ళు తగ్గింది. నకిమేరాకు లోలోపల సంతోషమే. నబ్బోసాకే దిగులు. రోజూ తెల్లవారుజామునే రెండు మైళ్ళు నడుస్తున్నా, రక్తపరీక్షలో ఆరూ పాయింటు ఒకటి ఉన్న షుగరు అంకె శుక్రవారం ఆరూ పాయింటు మూడైంది. ఆరున్నరైతే షుగరు వచ్చినట్టే. తన ఒంట్లోనే ఏదో లోపముందని రెండు రోజులుగా ఏడుస్తోంది.

చర్చి నుంచి వచ్చాక నకిమేరా గేటు దగ్గర పక్కింటి నంతేజాతో మాటల్లో పడింది. ఆకలి మీదున్న నబ్బోసా పొట్లాలు తానే దించింది. ఒకటి విప్పితే పులుసు పలచగా ఉంది. రెండోది విప్పితే నెయ్యి వేలెడు మందాన తేలింది. ఆ రెండోదానికి రెండు ముడులున్నాయి; అమ్మ ఎప్పుడూ తనకు పెట్టేది రెండు ముడుల పొట్లమే.

తల్లి లోపలికి రాగానే నబ్బోసా ఆ ఆకును ముందుకు జరిపింది.

"ఎన్నాళ్ళ నుంచమ్మా?"

"రెండు నెలలు. నువ్వు చిక్కిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా?"

"నేను అక్కను కాదమ్మా." "నడుం కొవ్వు దగ్గర ఒంట్లోని కాపలా కణాలు దొంగ లేకుండానే కేకలు పెడుతున్నాయన్నాడు డాక్టరు. ఆ గోలలో ఇన్సులిన్ మాట కండరాలకు వినపడదట. కొవ్వు తగ్గితే గోల తగ్గుతుంది. నువ్వేమో దానికి నెయ్యి పోస్తున్నావు."

నకిమేరా పీట మీద కూర్చుంది.

"ఈ ఇంట్లో కేకలు పెట్టింది నేనే తల్లీ," అంది. "దొంగ ఎప్పుడో వచ్చి పోయాడు. నాకే భయం పోలేదు." అరచేత్తో కళ్ళు ఒత్తుకుంది. నబ్బోసా తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది.

ఆపైన పొట్లాలన్నిటికీ ఒకటే ముడి. రెండు నెలలకు నడికట్టు కొస జానా ఆరు వేళ్ళకు పెరిగింది. ఆ ఆదివారం నకిమేరా తానే బిగించి ముడి వేసింది. కొస మాత్రం కొలవలేదు.

చర్చి మెట్ల దగ్గర నంతేజా ఆమెను పక్కకు లాగి, గొంతు తగ్గించి, పిల్ల బాగా చిక్కిందేమిటని అడిగింది.

"చిక్కింది," అంది నకిమేరా, మెట్ల మీదున్న వాళ్ళందరికీ వినపడేలా. "నేనే వండిపెట్టి చిక్కించాను."