నడక వేగం

లారీ కదులుతోంది!

పొడుగోడు ఉలిక్కిపడి లేస్తాడు. సీట్ల వెనక బల్ల మీద ఉన్నాడు. ముందు పరదా వేసి ఉంది. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, ఎప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. ఆ బల్ల అతనికి ఏనాడూ సరిపోలేదు.

డ్రైవర్ తను. తను ఇక్కడుంటే... స్టీరింగ్ దగ్గర ఎవరు?

లైట్లు లేవు. హారన్ లేదు. మనిషి నడిచినంత మెల్లగా పోతోంది బండి.

అచ్చం ఆ రాత్రిలాగే!

నెల కిందట ఇదే యార్డు. ఇదే బండి. ఇలాగే కదిలింది. దేని మీదో ఎక్కి దిగింది. ముందు సీట్లోంచి పొడిదగ్గు వినిపించింది... యార్డు మేనేజర్ దగ్గు! కల అనుకుని అటు తిరిగి పడుకున్నాడు పొడుగోడు. తెల్లారేసరికి బండి చుట్టూ జనం. చక్రాల కింద బావ. చెల్లెలి మొగుడు, ఈ యార్డులోనే మెకానిక్.

పోలీసులు వచ్చి, బండి కదలికలు రాసుకునే డాష్‌బోర్డు మీది లాగ్ బాక్సు చూశారు. రాత్రంతా పార్కింగ్, డ్రైవర్ విశ్రాంతి అని ఉంది. ఇంకేముంది? బండి కదలనే లేదు, రిపేరు చేస్తుంటే జాకీ జారిందని తేల్చేశారు. నడక వేగం దాటితే గానీ ఆ బాక్సు నిద్ర లేవదని వాళ్ళకెవరూ చెప్పలేదు.

పొడుగోడికి తెలుసు. ఆ కిటుకు చెప్పిందే బావ.

బావ ఎందుకు పోయాడో కూడా తెలుసు. డ్యూటీ గంటలు అయిపోతే డ్రైవర్ బండి ఆపాలి. సొంత పనికి తీసుకెళ్తే మాత్రం బాక్సులో 'పర్సనల్' నొక్కొచ్చు, ఆ గంటలు లెక్కలోకి రావు. మేనేజర్ అది నొక్కించి రాత్రంతా లోడు లాగించేవాడు. "అత్తారింటికి పోతున్నాననుకోరా!" అని నవ్వేవాడు. నిద్ర చాలక ఇద్దరు డ్రైవర్లు రోడ్డు మీదే పోయారు. పైవాళ్ళకి చెప్పేస్తానని ఎదురు తిరిగినవాడు బావ ఒక్కడే.

పొడుగోడు నోరు మెదపలేదు. ఉద్యోగం పోతుందని భయం. కానీ కళ్ళు మూస్తే చాలు, ఆ దగ్గు! నిన్న ఇక తట్టుకోలేక చెల్లెలికి అంతా చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. ఇవాళ క్యారేజీ తెచ్చింది. దగ్గరుండి తినిపించింది. "వస్తా అన్నయ్యా" అని దిగి నడుచుకుంటూ వెళ్ళింది...

గేటు వైపు!

బండి పోతోందీ అటే. ఇప్పుడు ఈ బండికి ముందున్నది... చెల్లా?

పరదా లాగేస్తాడు.

స్టీరింగ్ దగ్గర... చెల్లి! బండి తోలడం బావే నేర్పాడు ఆమెకి.

అద్దంలోంచి ముందుకు చూస్తాడు. రెండు వరసల లారీల మధ్య ఇరుకు సందు. ఫోన్ చెవికి ఆనించుకుని నడుస్తున్నాడు మేనేజర్. చుట్టూ ఇంజన్ల రొద. వెనక ఏం వస్తోందో అతనికి తెలీదు.

"ఏం చేస్తున్నావే!"

"నువ్వు పడుకో అన్నయ్యా."

"వద్దు తల్లీ, ఆపు!"

"ఆ రోజు పడుకున్నావుగా? ఇవాళా పడుకో. బాక్సుకి ఏమీ తెలీదు. నీకూ తెలీదు."

పొడుగోడు చెల్లెలి ముందు ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"నువ్వు జైలుకి పోతే నీ కూతురి గతేంటే?"

"మరి వాడు పోయాడా జైలుకి? నువ్వు సాక్ష్యం చెప్తావా? చెప్పు, ఆపేస్తా!"

అతని మాట ఎవరు నమ్ముతారు? బండి కదల్లేదని బాక్సే చెప్పింది కదా!

ముందుకు దూకుతాడు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఆమె పక్క తలుపు తోస్తాడు.

"దిగు!"

"అన్నయ్యా..."

"పిల్ల ఒక్కతే ఉంది ఇంట్లో. దిగవే!"

భుజం పట్టి నెట్టేస్తాడు. బండి నడక మీదే ఉంది. ఆమె నేల మీద తూలి, నిలదొక్కుకుంటుంది.

సీట్లో ఇప్పుడు పొడుగోడు.

కాలి కింద బ్రేకు. నొక్కితే చాలు, ఎవరింటికి వాళ్ళు పోవచ్చు. కానీ రేపు చెల్లి మళ్ళీ వస్తుంది. కాకపోతే ఎల్లుండి. ఆమె మొండితనం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

కాలు పక్కకి జరుపుతాడు.

యాక్సిలరేటర్!

ఇంజన్ గర్జిస్తుంది. టింగ్! బాక్సు నిద్ర లేచింది. తెర మీద 'డ్రైవింగ్'. దాని కింద పొడుగోడి పేరు.

మేనేజర్ చెవి దగ్గర ఫోన్ కీచుమంటుంది. బండి కదిలిందని అలర్ట్! తీసి చూసుకుంటాడు. పేరు చదువుతాడు. గిర్రున వెనక్కి తిరుగుతాడు.

పొడుగోడు హెడ్‌లైట్లు వేస్తాడు.

"నువ్వా..! ఆగరా!"

వెనక చెల్లి గొంతు చించుకుంటోంది. "అన్నయ్యా... వద్దు!"

అతను కాలు తియ్యడు.